కొబ్బరి కేకు కోసం నిలబడ్డ ఊరు

పాటగాడు డెల్మర్ స్ట్రౌడ్ తన జన్మలో మొత్తం తొమ్మిది మందికి అన్యాయం చేశానని తేల్చుకున్నాడు. బాగా తగ్గించి తేల్చుకున్నాడని అతన్నెరిగినవాళ్ళు అంటారు, అది వేరే సంగతి. తాగుడు మానేసి మూడేళ్ళయింది. మానేసినవాళ్ళంతా ప్రతి మంగళవారం చర్చి కింది గదిలో ఇనప కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఎవరెవరిని ఏడిపించావో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తప్పయిపోయిందని ఒప్పుకోవాలి.

ఎనిమిది మంది అయిపోయారు. డ్రమ్ములు వాయించేవాడు కౌగిలించుకుని ఏడ్చాడు. రెండో భార్య దోమతెర తలుపు తియ్యకుండానే విని, "సరే, ఇక వెళ్ళు" అంది. పాత మేనేజరయితే ఫోన్లో మూడుసార్లు "ఎవరు మాట్లాడేది?" అన్నాడు. అన్యాయం చేసినవాడికి గుర్తుండి, పడ్డవాడికి గుర్తులేకపోతే ఎంత చిన్నతనంగా ఉంటుందో అనుభవించినవాడికే తెలియాలి. ఇక మిగిలింది తొమ్మిదో పేరు. నిజానికి మొదట రాసింది ఆ పేరే. రాసి, కాగితం అటు తిప్పి, మిగతావన్నీ రెండో వైపు రాశాడు.

ఆ పేరు వర్నా జో. మొదటి భార్య.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందట డెల్మర్ పాట ఒకే ఒక్కటి దేశమంతా మోగింది. "వెళ్ళిపోయావా వర్నా జో" అని. ఆ పాటలో మొగుడు జ్వరంతో మంచం మీద మూలుగుతుంటే వర్నా జో అతని ట్రక్కూ అతని కుక్కా తీసుకుని ఎరువులమ్మేవాడితో లేచిపోతుంది. ఆ వేసవిలో లారీలు తోలేవాళ్ళు స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చారని చెప్పుకునేవారు. జరిగింది మాత్రం వేరు. మంచం మీద ఉన్నది వర్నా జో. అమరిల్లో పట్నం ఆసుపత్రిలో ఆవిడకి పిత్తాశయం తీసేస్తుంటే, ట్రక్కు తీసుకుని, ఫిడేలు వాయించే ఒకావిడని పక్కన కూర్చోబెట్టుకుని, పాటగాళ్ళ ఊరు నాష్‌విల్ దారి పట్టింది డెల్మరే. కుక్క కూడా ఎక్కింది గానీ, దానికి కాస్త సిగ్గుండి ఓక్లహోమా పొలిమేరలో దిగిపోయి నాలుగో రోజుకి ఇల్లు చేరింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దానికి రేడియో కూడా తోడైతే ఇంక చెప్పాలా! వర్నా జో బ్యాంకుకి వెళ్తే బ్యాంకులో, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడ, పేరు చెప్పగానే "ఓహో, ఆ వర్నా జో మీరేనా!" అని నవ్వేవారు. పై ఊళ్ళవాళ్ళ మాట అటుంచండి. ఆసుపత్రికి పూలు పంపిన సొంత ఊరివాళ్ళే రెండేళ్ళు తిరిగేసరికి, "ఏమోనమ్మా, మనం చూశామా? నిప్పు లేందే పొగ వస్తుందా?" అనడం మొదలెట్టారు. కళ్ళతో చూసింది మర్చిపోవచ్చు గానీ, నోటికి పట్టిన పాట మర్చిపోవడం కష్టం.

అలాంటి వర్నా జో దగ్గరికి వెళ్ళి "తప్పయింది" అని రెండు ముక్కలు చెప్తే సరిపోతుందా? డెల్మర్‌కి సరిపోలేదు. పాటతో చేసిన పాపం పాటతోనే పోవాలని నిశ్చయించుకున్నాడు. రెండేళ్ళు కూర్చుని ఏడు చరణాల పాట రాశాడు. ఏడో చరణంలో అతనికే ఏడుపొస్తుంది. ఆ పాట పాడతాడు, ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంది, ఊరు చప్పట్లు కొడుతుంది. ఇదీ అతని లెక్క. పశ్చాత్తాపానికి వెళ్ళేవాడు చప్పట్లు కూడా కలుపుకుని లెక్కేసుకోకూడదని ఎవరూ చెప్పలేదు పాపం.

వాళ్ళ పాత ఊరు హాస్కిన్స్ ఫ్లాట్‌కి అతను చేరేసరికి శనివారం మధ్యాహ్నం రెండయింది. ఎప్పటిలాగే ఈదురుగాలి. ఫైర్ స్టేషన్ ముందు రెండు ఫైరింజన్లూ రోడ్డు మీదికి తీసి నిలబెట్టారు. లోపల జనం కిటకిటలాడుతున్నారు. సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో గుండ్రంగా ముప్ఫై గళ్ళు గీసి నంబర్లేశారు. గోడ పక్కన పొడుగు బల్లల మీద కేకులు. ఏడాదికోసారి ఫైరింజన్లకి కొత్త గొట్టాల డబ్బు కోసం జరిపే కేకు నడక అది: పాట మోగినంతసేపూ గళ్ళ మీద నడవాలి, ఆగాక చీటీలో ఎవరి గడి నంబరొస్తే వాళ్ళకి కేకు. బల్ల వెనకాల, నెరిసిన జుట్టు పైకి ముడేసుకుని, ఏప్రన్ కట్టుకుని, వర్నా జో నిలబడి ఉంది.

డెల్మర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వర్నా జో."

ఆవిడ తలెత్తింది. ముప్ఫై ఒక్కేళ్ళ తర్వాత ఎదురుపడ్డ మనిషిని చూసి ఎవరైనా ఏదో ఒకటంటారు. ఆవిడ మాత్రం అతని ముఖం ఒక్క క్షణం చూసి, చేతిలోని గిటారు పెట్టె వైపు చూసింది.

"అందులో గిటారుందా, వట్టి పెట్టేనా?"

"ఉంది."

"శ్రుతిలో ఉందా?"

"ఉంది. వర్నా జో, నేనెందుకొచ్చానంటే..."

"ఎందుకొస్తే ఏంలే. మా సీడీ ప్లేయరు ఇందాకే కాలిపోయింది. ఫైర్ స్టేషన్లో పొగొచ్చింది, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీటంలేదు. అదుగో ఆ స్టూలు మీద కూర్చో. నేనీ గుడ్డ పైకెత్తితే వాయించు. దించితే ఆపు. పాటలో ఎక్కడుంటే అక్కడే ఆపెయ్యాలి. ఈ ఒక్క పనీ చేతనవుతుందా?"

"అవుతుంది."

"చూద్దాం."

డెల్మర్ స్టూలు మీద కూర్చున్నాడు. ఒకప్పుడు ఇరవై వేల మంది ముందు పాడినవాడు ఇప్పుడు క్యారట్ కేకు ముందు పాడాలి. అయినా లోలోపల సంతోషించాడు. ఊరంతా ఉంది, ఆవిడుంది, గిటారుంది. ఏడు చరణాలు పాడెయ్యడానికి దేవుడే ఇలా ఏర్పాటు చేశాడనుకున్నాడు.

ముప్ఫై మంది గళ్ళలోకి వచ్చారు. గుడ్డ లేచింది. డెల్మర్ కళ్ళు మూసుకుని మెల్లగా మొదలెట్టాడు.

"వర్నా జో, ఇన్నేళ్ళకి తెలిసింది, ఆనాటి తప్పంతా..."

గుడ్డ పడింది.

"ఆపు!"

ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. వర్నా జో కాఫీ డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీసి, "పద్నాలుగు!" అంది. పద్నాలుగో గడిలో ఉన్న టీచరమ్మ ఎగిరి గంతేసి క్యారట్ కేకు పట్టుకుపోయింది. తప్పంతా ఎవరిదో ఎవరికీ తెలియలేదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు కూడా.

రెండోసారి గుడ్డ లేచింది. డెల్మర్ మళ్ళీ మొదటినించీ ఎత్తుకున్నాడు. ఈసారి "తప్పంతా నా..." దాకా వచ్చాడు. గుడ్డ పడింది. చీటీ తీశారు. నిమ్మకాయ కేకు వెళ్ళిపోయింది.

ఫైర్ చీఫ్ గార్లండ్ నడుం మీద చేతులేసుకుని స్టూలు దగ్గరికొచ్చాడు. భారీ మనిషి. ఆ ఊళ్ళో మంటలకంటే అతన్ని చూసే జనం ఎక్కువ పరిగెత్తుతారు.

"ఏమయ్యా డెల్మర్, ఇదేమన్నా శవం వెనక నడకనుకున్నావా? అడుగు తీసి అడుగేసేలోపు నిద్రొస్తోంది. కాస్త కాళ్ళకి పనిచెప్పే పాట అందుకోవయ్యా."

"చీఫ్, ఈ పాటకో కారణం ఉంది. ఏడు చరణాలు..."

"ఏడా! ఇక్కడున్నవి ఇరవై రెండు కేకులయ్యా."

ఇంతలో మూడో కేకు బల్ల మీదికొచ్చింది. వర్నా జో స్వయంగా చేసిన కొబ్బరి కేకు. మూడంతస్తులు. ఏటా దానికోసమే సగం ఊరు వస్తుంది. గళ్ళ కోసం తోపులాట జరిగింది. నడుం నొప్పని ఇంతసేపూ కుర్చీలో కూర్చున్న ముసలాళ్ళు కూడా లేచి గళ్ళు పట్టుకున్నారు. వెనకనించి ఎవరో అరిచారు.

"ఆ పాట పాడు డెల్మర్! వర్నా జో పాట!"

"అవునవును, అదే! అదైతే నడవడానికి భలే ఉంటుంది!"

"ఆ పాటొద్దు!" అని ఇరవై రెండో గడిలోంచి ఒక గొంతు కీచుమంది. ఆరన్ పికెట్‌ది. సన్నగా, పొడుగ్గా ఉండే ఆరన్ చుట్టుపక్కల నలభై మైళ్ళలో ఎరువులమ్మే ఒకే ఒక్క మనిషి. "ఏదన్నా పాడు గానీ అదొద్దు!"

ఇరవై మూడో గడిలో అతని భార్య లోడీమా ఉంది. "ఎందుకొద్దో?" అంది మొగుడి వైపు చూడకుండానే. "తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకు?"

జనం కిసుక్కుమన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

డెల్మర్ వర్నా జో వైపు చూశాడు. ఆవిడ కేకు కత్తి తుడుస్తోంది. ఇందాకే తుడిచిన కత్తి.

"నీ ఇష్టం," అంది. "నీ పాటేగా." గుడ్డ పైకెత్తింది.

చెప్పడానికి సిగ్గే గానీ నిజం చెప్పుకోవాలి. ఆ పాట పాడమని అతన్ని ఎవరైనా అడిగి పన్నెండేళ్ళయింది. చేతులు వాటంతటవే తీగల మీదికెళ్ళాయి. రెండు మీటలు పడ్డాయో లేదో హాలంతా కాళ్ళు లేచాయి. గొంతులో ఏ మూలో దాక్కున్న పాత డెల్మర్ బయటికొచ్చాడు. "జ్వరంతో నేనుంటే..." అని అతనందుకుంటే ముప్ఫై మందీ అందుకున్నారు. డెల్మర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎందుకొచ్చాడో మర్చిపోయాడు. మూడేళ్ళ మంగళవారాలు ఒక్క పల్లవిలో కొట్టుకుపోయాయి.

అప్పుడు చూశాడు. నడిచేవాళ్ళు కేకు బల్ల ముందుకి రాగానే ఒక్కొక్కరూ కాస్త ఆగి, వర్నా జో ముఖంలోకి వంగి, "వెళ్ళిపోయావా వర్నా జో!" అని పాడి ముందుకెళ్తున్నారు. ఎవరికీ దురుద్దేశం లేదు. అలవాటు. ఆవిడ ఒక్కొక్కరికీ ఒక్కో నవ్వు నవ్వుతోంది. అదీ అలవాటే. మర్యాదస్తులు పిలవని చుట్టానికి కుర్చీ వేస్తారే, అలాంటి నవ్వు. ముప్ఫై ఒక్కేళ్ళుగా రోజూ వాడి అరగదీసిన నవ్వు.

గిటారు మీద డెల్మర్ చెయ్యి ఆగిపోయింది.

పాట ఆగింది. ముప్ఫై మందీ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. పాట ఆగాక నంబరు పిలిచేదాకా గడి దాటిన మనిషికి కేకు లేదు. అది ఆ ఊళ్ళో బైబిలు తర్వాతంతటి మాట. కిందటేడు చీఫ్ గార్లండ్ అత్తగారు తుమ్మి అరడుగు పక్కకి జరిగినందుకు చాక్లెట్ కేకు పోగొట్టుకుంది.

వర్నా జో గుడ్డ ఇంకా పైనే ఉంది.

"నేను దించలేదే."

"తెలుసు."

"మరి వాయించు."

"వాయించను. ఈ పాట అబద్ధం."

తనూ ఒక గడి పట్టుకున్న చీఫ్ గార్లండ్ ఒంటికాలి మీద ఆగిపోయి ఉన్నాడు. "డెల్మర్, నీ బాధ నాకర్థమైంది గానీ, ముందు నంబరు తియ్యనీవయ్యా. తర్వాత తీరిగ్గా చెప్పుకుందువు," అన్నాడు.

అందరూ కాఫీ డబ్బా వైపు చూశారు. వర్నా జో ఆ డబ్బాని ఒకసారి చూసింది. డెల్మర్‌ని ఒకసారి చూసింది. గుడ్డ బల్ల మీద పెట్టి, డబ్బాకి మూత బిగించింది.

"చెప్పనీండి," అంది.

ఒక మనిషి పరువు గురించి వినమంటే ఆ ఊళ్ళో పదిమంది కూడా నిలబడేవారు కాదు. కొబ్బరి కేకు కోసం ముప్ఫై మంది నిలబడ్డారు. డెల్మర్ గిటారు వైపు చెయ్యి చాచబోయి, మానుకుని, దాన్ని కింద పెట్టేశాడు. రాసుకున్న ఏడు చరణాల్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. గుర్తొచ్చినా పనికొచ్చేవి కావు.

"ఈవిడ వెళ్ళలేదు. వెళ్ళింది నేను," అన్నాడు.

"గట్టిగా," అంది వర్నా జో. "అటు పదో నంబరువాళ్ళకి చెవుడు."

"వెళ్ళింది నేను!"

"నేనెక్కడున్నానప్పుడు?"

"ఆసుపత్రిలో. అమరిల్లోలో."

"ఏమొచ్చి?"

"పిత్తాశయం... ఆపరేషను."

"జ్వరం ఎవరికొచ్చింది?"

"ఎవరికీ రాలేదు."

"ట్రక్కు?"

"నేనే తీసుకెళ్ళాను. కుక్కని కూడా. అది తిరిగొచ్చేసింది."

"అది తిరిగొచ్చింది," అంది వర్నా జో జనం వైపు తిరిగి. "నాలుగు రోజులు నడిచి. కుట్లు విప్పకముందే వాకిట్లో పడుకుని ఉంది."

డెల్మర్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాట రాసుకునేటప్పుడు వచ్చినవి వేరు, ఇవి వేరు. అవి వచ్చినప్పుడు తానెంత మంచివాడో అనిపించేది. ఇప్పుడలా ఏమీ అనిపించలేదు.

"నేను చేసిన పని ఆవిడ మీదికి తోసి పాట కట్టాను," అన్నాడు. "నిజం రాస్తే పాటలో వెధవని నేనవుతాను. వెధవ పాట ఎవరు వింటారు? అందుకని మార్చేశాను. ఇన్నేళ్ళూ దాని మీదే బతికాను. వర్నా జో, తప్పయిపోయింది. నన్ను క్షమించు."

ఇరవై రెండో గడిలోంచి మళ్ళీ కీచుగొంతు లేచింది.

"ఒరేయ్ డెల్మర్! మరి నా సంగతో? ఎరువులమ్మేవాడి సంగతి చెప్పరా! చిన్నప్పుడు నీతో కలిసి బడికొచ్చిన పాపానికి నా కొంప ముంచావు కదరా!"

డెల్మర్ తెల్లబోయాడు. తన కాగితం మీద పదో పేరు ఉండాల్సిందని అతనికప్పుడే తట్టింది.

"ఆరన్, అది... ప్రాస కోసం."

"ప్రాస కోసమా?" అంది లోడీమా.

"అవునమ్మా. ముందు బీమా ఏజెంటుని పెట్టాను. కుదర్లేదు. తర్వాత పాస్టరుగారిని పెట్టాను, చర్చిలో ఒప్పుకోరని తీసేశాను. ఎరువులమ్మేవాడైతే చక్కగా ఒదిగింది."

"ముప్ఫై ఒక్కేళ్ళు!" లోడీమా గొంతు ఫైరింజను మోతలా లేచింది. "ముప్ఫై ఒక్కేళ్ళు ఈ మనిషిని వర్నా జో వీధి మీదుగా వెళ్ళనివ్వలేదు! పుట్టినరోజుకి ఒక్క కేకు కాల్చి పెట్టలేదు! ప్రాస కోసమా!"

"నేను చెప్తూనే ఉన్నానుగదే!" అంటూ ఆరన్ పికెట్ పట్టలేని ఆనందంతో ఒక్క గంతులో ఇరవై మూడో గడిలోకి దూకి పెళ్ళాన్ని కావలించుకున్నాడు. ఆవిడ అతని వీపు మీద ఒక్కటి చరిచి, అక్కడే తల ఆనించి ఏడ్చింది. జనంలో కొంతమంది ముక్కులు ఎగబీల్చారు. కొంతమంది గచ్చు వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళందరూ ఏదో ఒక రోజు ఆ బల్ల ముందు ఆగి పాడినవాళ్ళే.

వర్నా జో మూత తీసింది. చీటీ తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"ఇరవై రెండు."

హాలంతా ఇరవై రెండో గడి వైపు చూసింది. ఖాళీ.

"అయ్యో! అది నాదే!" అన్నాడు ఆరన్.

"గడి దాటావుగా," అన్నాడు చీఫ్ గార్లండ్ నిర్దాక్షిణ్యంగా. "మా అత్తగారు తుమ్మితేనే వదల్లేదు. నువ్వేకంగా కావలించుకున్నావు."

"పోనీలెండి," అంది లోడీమా కళ్ళు తుడుచుకుంటూ. "ఇంటికెళ్ళాక నేను చేసిపెడతా."

మళ్ళీ చీటీ తీశారు. పదో నంబరు. చెవిటి ముసలాయన ఒకడు ఏమీ వినకుండానే కొబ్బరి కేకు గెలుచుకుని, "పాట మధ్యలో ఎందుకాపాడు?" అని పక్కవాళ్ళని అడుగుతూ వెళ్ళిపోయాడు.

డెల్మర్ స్టూలు పక్కనే నిలబడి ఉన్నాడు. వెళ్ళాలో ఉండాలో తెలియలేదు. వర్నా జో ఇంకా జవాబు చెప్పలేదు. ఆవిడ కోసం మళ్ళీ ఊరంతా ఎదురుచూస్తోంది, ఈసారి కేకు లేకుండా. ఆవిడ ఏప్రన్ విప్పి మడతపెట్టింది. గుడ్డా, డబ్బా తీసుకెళ్ళి లోడీమా చేతిలో పెట్టింది.

"ఈ ఆట నువ్వు నడిపించు లోడీమా. డెల్మర్, వాయించు."

"ఏది?"

"అదే."

"అదా? వద్దు వర్నా జో. నావల్ల కాదు."

"మాటల్లేకుండా వాయించు."

ఆవిడ వచ్చి ఒకటో గడిలో నిలబడింది. ఏటా కేకులు చేసింది గానీ ఒక్కసారి కూడా ఆ గళ్ళలో అడుగు పెట్టలేదని చీఫ్ గార్లండ్ పక్కవాడితో అన్నాడు. ఎవరూ పిలవకుండానే మిగతావాళ్ళు తమ తమ గళ్ళలోకి వచ్చారు.

గుడ్డ లేచింది. డెల్మర్ పళ్ళు బిగించి వాయించాడు. నోరు తెరవలేదు. మాటలు తీసేస్తే ఆ పాటలో మిగిలింది ఒక మంచి వరస, అంతే. కాళ్ళు వద్దన్నా కదిలే వరస. ఆ వరస పుట్టింది వీళ్ళ వంటింట్లోనే. ఆవిడ గిన్నెలు కడుగుతుంటే, ఇరవై ఏళ్ళవాడు బల్ల మీద కూర్చుని, ఆవిడ కోసమే కట్టాడు. మాటలు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి. అతను అది మర్చిపోయి ఎన్నేళ్ళయిందో.

మొదటి చుట్టులో ఆవిడ స్టూలు దగ్గరికి రాగానే అతను గొంతు తగ్గించి అడిగాడు.

"క్షమించావా?"

"చెయ్యి చూసుకుని వాయించు," అని వెళ్ళిపోయింది.

రెండో చుట్టులో ఆవిడే అంది. "రేపు పదకొండింటికి మెథడిస్టు చర్చికి రా. ఇక్కడున్నది సగం ఊరే. మిగతా సగానికీ చెప్పాలి."

"వస్తాను. వాళ్ళ దగ్గర కేకుండదుగా, నిలబడతారా?"

"కూర్చుంటారు. ప్రసంగం మధ్యలో లేచిపోయే ధైర్యం మెథడిస్టులకి లేదు."

మూడో చుట్టులో ఆవిడ నవ్వుతోంది. ఇందాకటి నవ్వు కాదు. ఈ నవ్వుకి ఎడమ చెంప మీద చిన్న సొట్ట పడుతుంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా డెల్మర్ ఆ సొట్టని చూడలేదు. క్షమించావా అన్న మాట మళ్ళీ నోటిదాకా వచ్చింది. అతను అడక్కముందే ఆవిడే అందుకుంది.

"నడుస్తున్నానుగా, కనబడటంలా?"

లోడీమా గుడ్డ దించలేదు. చెయ్యి నొప్పెడితే రెండో చేతిలోకి మార్చుకుంది. వర్నా జో ఆ పాట మీద నడుస్తూనే ఉంది. డెల్మర్ నోరు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు.